ఆపడం వేరు, మానడం వేరు

మా ఆయన చేతిలో హారతి పళ్లెం గడగడా వణికిన రోజు మొదట నేను సంతోషపడ్డాను. ఎందుకు సంతోషపడ్డానో చెప్పాలంటే మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి.

మాది మెదక్. మా ఆయనకు టెంట్ హౌస్ ఉంది. పెళ్లికైనా, పుట్టువెంట్రుకలకైనా, చావుకైనా షామియానా, కుర్చీలు, వంట గిన్నెలు మా దగ్గర నుంచే పోతాయి. నేను అంగన్‌వాడీ టీచర్‌ని. మాకు ఒక్కతే కూతురు, నవ్య. డిగ్రీ చదువుతోంది. మా అత్తమ్మ మాతోనే ఉంటుంది.

ఫంక్షన్ అంటే దావత్, దావత్ అంటే మందు. టెంట్ వేసినవాడి చేతిలో గ్లాసు పెట్టకుండా పంపే ఇల్లు మా వైపు తక్కువ. అలా అలవాటైంది. తర్వాత ఫంక్షన్ లేని రోజుల్లో కూడా తాగేవాడు. చివరికి పొద్దున్నే ఒక పెగ్గు పడనిదే షాపు షట్టర్ తాళం కూడా తీయలేకపోయేవాడు.

కానీ ఏటా కార్తీకం రాగానే అయ్యప్ప మాల వేసుకునేవాడు. ఆ మండలం రోజులు చుక్క ముట్టేవాడు కాదు. నల్ల బట్టలు, చన్నీళ్ల స్నానం, చాప మీద పడక, ఒంటిపూట భోజనం. ఏళ్ల తరబడి వేసుకుంటున్నాడు కాబట్టి గురుస్వామి అయ్యాడు. కొత్తవాళ్ల మెడలో మాల వేసేది, ఇరుముడి కట్టేది ఆయనే. ఊళ్లో పెద్ద పెద్ద వాళ్లు కూడా వచ్చి కాళ్లు మొక్కేవాళ్లు. నేను ఆయన్ని ‘స్వామీ’ అనాలి, ఆయన నన్ను ‘మాతా’ అనాలి. ఏడాది పొడుగునా ‘ఓసేయ్’ అనే మనిషి ‘మాతా, జర నీళ్లియ్యి’ అంటుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

శబరిమల నుంచి వచ్చి మాల తీసిన సాయంత్రమే దోస్తులు యాటను, అంటే మేకపోతును, కోసి, బాటిళ్లు పెట్టుకుని కూర్చునేవాళ్లు. దానికి ‘ఓపెనింగ్’ అని పేరు కూడా పెట్టుకున్నారు. అది చూసి నేను మొహం ముడుచుకుంటే మా అత్తమ్మ ఊరుకునేది కాదు.

“నా కొడుకు తలుసుకుంటే ఎన్ని దినాలైన మానుతడు. సూడలేదా నువ్వు? తాగుబోతైతే గిట్ల మానుతడా?”

నేనూ నిజమే కదా అనుకునేదాన్ని. ఏడాదికోసారి మాల వేసుకుంటే ఒంట్లో ఉన్న విషమంతా కడుక్కుపోతుందని మా ఇంట్లో అందరికీ నమ్మకం. మాల వేసిన మొదట్లో ఒకటి రెండు రోజులు చేతులు వణికేవి. చన్నీళ్ల స్నానానికి అనుకునేవాళ్లం.

ఆ ఏడాది మాల వేసిన మూడో రోజు సాయంత్రం సన్నిధానంలో పూజ. సన్నిధానం అంటే స్వాములంతా కలిసి ఉండేందుకు మా షామియానాలతోనే వేసిన పందిరి. హారతి ఇస్తుంటే పళ్లెం వణికి కర్పూరం కింద పడింది. చలిలో కూడా మా ఆయన వీపంతా చెమట. కళ్లు ఎర్రబడ్డాయి. “చీమలు, పీఠం నిండ చీమలు” అంటూ లేని చీమల్ని చేత్తో దులుపుతున్నాడు. మూలకు చూసి “రా, కూసో, ఎప్పుడొచ్చినవ్?” అని ఎవరితోనో మాట్లాడుతున్నాడు. అక్కడెవరూ లేరు.

నర్సింలు అని మా టెంట్ హౌస్‌లోనే పనిచేస్తాడు. ఆ ఏడే మొదటిసారి మాల వేసుకున్నాడు. వాడు ఒక్కసారిగా అరిచాడు.

“స్వామి వొచ్చిండు! గురుస్వామి మీదికి స్వామి వొచ్చిండు!”

ఇక చూడండి. డప్పు మొదలైంది, శరణుఘోష మిన్నంటింది. మా అత్తమ్మ బిందెడు నీళ్లు తెచ్చి కొడుకు కాళ్ల మీద పోసి పసుపు రాసింది. ఆడవాళ్లు వరుస కట్టారు. పూనకం వచ్చిన మనిషిని మనసులో మాట అడగడం మా దగ్గర మామూలే. ఒకామె తన పొలంలో బోరు పడుతుందా అని అడిగింది. నేనూ వెళ్లాను. చేతులు జోడించి, నా మొగుణ్ణే అడిగాను.

“స్వామీ, ఈయన మందు మానుతడా?”

“మానిండు పో! ఎన్నడో మానిండు!” అన్నాడు.

ఆ కాళ్ల మీద తల పెట్టి ఏడ్చాను. ఇన్నేళ్ల నా మొర దేవుడు విన్నాడనుకున్నాను. ఆ ఏడుపు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు జాలేస్తుంది.

కాసేపటికే నిలువునా పడిపోయాడు. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. నాలుక కరుచుకున్నాడు, నోట్లోంచి నురగతో పాటు నెత్తురు వచ్చింది. అప్పుడు కూడా ఎవరో కర్పూరం వెలిగించి తెచ్చారు. నల్ల పంచె తడిసిపోవడం చూశాక ఇది దేవుడు కాదని నాకు అర్థమైంది. “ఆటో తెండ్రి!” అని గొంతు చించుకున్నాను.

సర్కారు దవాఖానలో డ్యూటీ డాక్టర్ చిన్నవాడు. బీపీ చూస్తూ మొదట అడిగిన మాట, “మందు అలవాటుందా?”

నర్సింలు లెంపలేసుకున్నాడు. “రామ రామ! మాలల ఉన్న గురుస్వామి సార్. గసుంటి మాట అనకుండ్రి.”

“నా కొడుకు ముట్టడు సార్,” అంది అత్తమ్మ.

డాక్టర్ నల్ల బట్టలు చూశాడు, మెడలో మాల చూశాడు. ఫిట్స్‌కు వేరే కారణాలు అడగడం మొదలుపెట్టాడు. దెబ్బ తగిలిందా, జ్వరం వచ్చిందా, చిన్నప్పుడు ఫిట్స్ ఉండేవా అని. వాళ్లిద్దరూ జవాబులు చెబుతున్నారు. మా ఆయన మంచం మీద ఇంకా చీమల్ని దులుపుతూనే ఉన్నాడు. నాకు ఆగలేదు.

“తాగుతడు సార్. రోజు తాగుతడు, పొద్దుగాల నుంచి తాగుతడు. మాల కోసం మొన్న ఒక్కసారిగ బంద్ వెట్టిండు.”

డాక్టర్ పెన్ను పక్కన పెట్టాడు. “అమ్మా, గది కదా ముందు చెప్పాలె! రోజూ తాగెటోళ్లు ఉన్నట్టుండి ఆపితే గిట్లనే అయితది. ఆల్కహాల్ విత్‌డ్రావల్ ఇది. డెలీరియంలకు పోయిండు, గందుకే లేనియి కనవడుతున్నయి. ప్రాణం పోతది తెలుసా?”

ఇంజెక్షన్ ఇచ్చారు, సెలైన్‌లో థయమిన్ కలిపి ఎక్కించారు, హైదరాబాద్‌కు రెఫర్ చేశారు. అంబులెన్స్‌లో అత్తమ్మ నా మొహం చూడలేదు. “పదిమందిల నా కొడుకు ఇజ్జత్ తీసినవు,” అని ఒక్క మాట అంది. నర్సాపూర్ అడవి దాటి పట్నం చేరేదాకా కొడుకు కాళ్లు ఒత్తుతూ కూర్చుంది.

పెద్ద దవాఖానలో ఐసీయూలో పెట్టారు. లేచి పోకుండా చేతులు మంచానికి కట్టారు. సీటీ స్కాన్ కోసం మాల తీసేశారు. స్పృహ వచ్చాక మా ఆయన అడిగిన మొదటి మాట “నా మాలేది?” అని. పక్కన నేనున్నాను, నవ్య ఉంది. మమ్మల్ని చూసి కూడా మాల గురించే అడిగాడు.

ఎల్‌ఎఫ్‌టీ, అల్ట్రాసౌండ్, ఎండోస్కోపీ అన్నీ చేశారు. లివర్ డాక్టర్ ఆడమనిషి, నెమ్మదిగా మాట్లాడేది. మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది.

“సిర్రోసిస్ అమ్మా. లివర్ గట్టిపడిపోయింది. అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బాయి, వెరిసెస్ అంటాం. ఇక ఒక్క చుక్క కూడా తాగకూడదు.”

అత్తమ్మకు నమ్మకం కలగలేదు. “ఏటేటా మాలేసుకోని మానుతడు గదమ్మా. ఆ దినాలల్ల లివర్ సాఫ్ కాదా?”

“కొన్నాళ్లు ఎండబెట్టి మిగతా ఏడాదంతా నానబెడితే ఏ చెక్కయినా నిలుస్తుందా అమ్మా?” అందామె. తర్వాత మా ఆయన వైపు తిరిగింది. “మీరు ఆపగలరని మీకూ తెలుసు, మీవాళ్లకూ తెలుసు. మానాలని మీకుందా?”

“ఉంది మేడం. పక్కా,” అన్నాడు.

ఆ గొంతు నాకు బాగా తెలుసు. నన్ను ‘మాతా’ అని పిలిచే గొంతే. కానీ పట్టుకోవడానికి నాకింకేం ఉంది? డిశ్చార్జ్ రోజు నవ్య నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. సైకియాట్రిస్ట్ దగ్గరికి వారం వారం రమ్మంటే రెండుసార్లు వెళ్లి, “నాకేమన్న పిచ్చా?” అని మానేశాడు. మందు మాత్రం ముట్టలేదు. మొహంలో కళ వచ్చింది. నవ్య, నేను రాత్రిపూట తలుపు చప్పుడుకు ఉలిక్కిపడటం మానేశాం. అన్నం ముందు కూర్చుని అందరం నవ్వుకున్న రోజులు కూడా ఉన్నాయి. అబద్ధం ఎందుకు చెప్పాలి.

కొడుకు బతికి బయటపడితే ఏడుపాయల దుర్గమ్మకు బోనం చేసి యాటను ఇస్తానని అత్తమ్మ మొక్కుకుంది. కొన్ని నెలలకు చుట్టాలందరినీ తీసుకుని వెళ్లాం. బోనం ఎత్తాం. అమ్మవారి దర్శనమైంది. మంజీర ఒడ్డున రాళ్ల పొయ్యిలు పెట్టి వంటలు చేశాం. మగవాళ్లంతా ఒకచోట చేరారు. వాళ్ల మధ్యలో మా ఆయన స్టీలు గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. కూల్‌డ్రింక్ అనుకున్నాను.

నవ్య నీళ్ల కోసం అటు వెళ్లింది. “డాడీ, జర ఇటియ్యి,” అని ఆయన గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగి, అక్కడే ఉమ్మేసింది. నోరు తుడుచుకుంటూ ఆయన్ని చూసిన చూపు నేను ఏ తండ్రికీ కోరుకోను.

“ఒక్కటే బిడ్డా,” అన్నాడు. “మొక్కు తీరింది గదా.”

అప్పుడు తెలిసింది నాకు. ఆయన లెక్కలో ఒట్టు కూడా మాల లాంటిదే. వేసిన రోజు ఒకటుంటుంది, తీసేసే రోజు ఒకటుంటుంది. నేను చుట్టాల ముందే నోటికొచ్చిందల్లా తిట్టాను. “పండుగ పూట గిట్ల లొల్లి చేస్తరా?” అని వాళ్లు నన్నే మందలించారు. పోయిన ప్రాణం తిరిగొచ్చిందని చేసిన పండుగ అది. అందరూ నా మొగుడి చేతిలో గ్లాసు చూస్తూనే కూర్చున్నారు, ఒక్కరు కూడా లాక్కోలేదు.

మళ్లీ మొదలైంది. ఎక్కువ రోజులు పట్టలేదు. ఒక పొద్దున బాత్రూంలో రక్తపు వాంతి చేసుకున్నాడు. గోడల మీద, బకెట్‌లో అంతా నెత్తురే. హైదరాబాద్ చేరేసరికి మనిషి తెల్లగా పాలిపోయాడు. ఎండోస్కోపీతో లోపల ఉబ్బిన నాళాలకు బ్యాండింగ్ చేశారు, రక్తం ఎక్కించారు. బతికాడు. కానీ ఆ తర్వాత పొట్టలో నీరు చేరింది. అసైటిస్ అన్నారు. సూది గుచ్చి లీటర్ల కొద్దీ తీస్తే, కొన్నాళ్లకు మళ్లీ నిండేది. కాళ్లు వాచాయి, చేతులు పుల్లలయ్యాయి.

“ఇక డీకంపెన్సేటెడ్ స్టేజ్, లివర్ చేతులెత్తేసినట్టే,” అంది డాక్టరమ్మ. “ట్రాన్స్‌ప్లాంట్ ఒక్కటే దారి. దానికి కూడా ముందు కొన్ని నెలలు తాగకుండా ఉన్నట్టు మాకు నమ్మకం కుదరాలి.”

నేను లివర్ ఇస్తానన్నాను. టెస్టులు చేసి నాది ఫ్యాటీ లివర్, పనికిరాదన్నారు. నవ్య ఇస్తానంది. ఆ ఒక్క విషయంలో మా ఆయన గట్టిగా నిలబడ్డాడు. “దాన్ని కొయ్యనియ్య. నేను వోయినా సరే,” అన్నాడు. తాగకుండా ఉంటేనే అన్న షరతు మీద చనిపోయినవాళ్ల లివర్ కోసం పేరు రాయించాం. మా ముందు ఎంతమంది ఉన్నారో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఆయన దొంగచాటుగా ఇంకా తాగుతూనే ఉన్నాడు. ఇంతలో మళ్లీ కార్తీకం వచ్చింది. మాల వేసుకుంటానని పట్టుబట్టాడు. ఉపవాసాలు, చన్నీళ్లు కుదరవని డాక్టరమ్మ ముందే చెప్పింది.

“మాలేస్తెనే ఆగుత. లేకుంటే నాతోని కాదు,” అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. “స్వామి నీ పాలిట పోలీసోడా? ఆయన ఉన్నన్ని దినాలు సక్కగుండి, పోంగనే దొంగతనం జేస్తవా? నీకోసం నువ్వు ఎన్నడన్న మానినవా?”

ఆయన రెండు రోజులు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మూడో రోజు నర్సింలు, ఇంకొందరు నల్ల బట్టలు కట్టుకుని వచ్చారు. గురుస్వామి కుర్చీలో కూర్చుంటే చాలు, ఆయన చేతుల మీదుగానే మాల వేసుకుంటామన్నారు. మా ఆయన్ని షాపు ముందు కుర్చీలో కూర్చోబెట్టాం. మొదటివాడు కాళ్లు మొక్కబోతే, వాచిన పాదాలు వెనక్కి తీసుకున్నాడు.

“నా చేత ఏసుకోకుండ్రి,” అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. “ఏమైంది అన్నా?” అన్నాడు నర్సింలు.

“నేను ఏటేటా ఆపిన, ఎన్నడు మానలే. ఆపుడు వేరే, మానుడు వేరే. స్వామి ముంగట కూసోని ఇంకెన్ని దినాలున్నయని వేళ్ల మీద లెక్కవెట్టుకున్న. మీరు కాళ్లు మొక్కుతుంటే గమ్మత్తుగుండె. గదొక నిషా. గా నిషా కోసమే ఇంకో నిషా బంద్ వెట్టిన. గది దీక్షనా?”

“గట్లనకు అన్నా. నీ మీదికి స్వామి వొచ్చింది మేమంత సూసినం గదా!”

“స్వామి రాలే నర్సింలు. మందు దిగింది. డాక్టర్ చెప్తే నువ్వు నమ్మలే, నేను గూడ నీకు చెప్పలే. ఇన్ని దినాల సంది నువ్వు గట్లనే అనుకుంటుంటే నాకు మంచిగనిపించింది.”

నర్సింలు కళ్లు తుడుచుకున్నాడు. ఒకాయన మాత్రం “గిదంత గిప్పుడు చెప్పుడెందుకు, పది మందిల” అని గొణిగాడు. వాళ్లు ఇంకో గురుస్వామి దగ్గరికి వెళ్లిపోయారు. అత్తమ్మ లోపలికి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. “నీ ఇజ్జత్ నువ్వే తీసుకున్నవా కొడుకా,” అని.

ఆ ఏడాది మా పందిళ్లు సన్నిధానానికి పోలేదు. ఆయన్ని ‘స్వామీ’ అని ఎవరూ పిలవలేదు. మాల లేకుండా, మామూలు లుంగీలోనే, రోజూ పొద్దున దేవుడి పటాల ముందు కాసేపు కూర్చునేవాడు. మంత్రం లేదు, హారతి లేదు.

“ఏం మొక్కుతున్నవు?” అని అడిగాను ఒకరోజు.

“మొక్కుతలేను. పొద్దుగాల లేవంగనే తాగబుద్ధయింది. గది చెప్తున్న.”

డాక్టరమ్మకు కూడా అలాగే చెప్పేవాడు. అప్పుడు వెళ్లడం మానేసిన సైకియాట్రిస్ట్ దగ్గరికి తనంతట తానే వెళ్లి, ఈసారి వణుకు రాకుండా మందులు రాయించుకున్నాడు. ఎప్పుడెప్పుడు తాగాడు, ఎవరికి ఏం అబద్ధం చెప్పాడు, నేను అడగనివి కూడా నాకు చెప్పాడు. కొన్ని వినలేక నేనే చెవులు మూసుకున్నాను. నవ్య ఒకసారి “ఇగ ముట్టనని చెప్పు డాడీ” అంటే తల అడ్డంగా ఊపాడు.

“ఒట్టు వొద్దు బిడ్డా. నా ఒట్లు నీకెర్కే. ఇయ్యాల తాగలే. గంతే చెప్పగల్గుత.”

అప్పటి నుంచి ఇప్పటిదాకా తాగలేదు. మనిషి లోపలి నుంచి మారితే దేవుడైనా, ఒళ్లయినా కరుణిస్తుందని నాకు ఆశ ఉండేది. లివర్‌కు ఆ సంగతి తెలియదు. దానికి అందాల్సిన కబురు ఆలస్యంగా అందింది. కొత్త లివర్ కోసం రాయించిన పేరుకు ఇంకా వంతు రాలేదు. పొట్టలో నీటికి ఇన్ఫెక్షన్ వచ్చి రెండుసార్లు అడ్మిట్ చేశాం. రక్తంలో అమ్మోనియా పెరిగితే మెదడుకు ఎక్కుతుందట, ఎన్‌సెఫలోపతీ అంటారు. ఆ రోజుల్లో నవ్యను కూడా గుర్తుపట్టడు. “ఈ పిల్లెవరు?” అని నన్నే అడుగుతాడు. అది పక్క గదిలోకి వెళ్లి ఏడుస్తుంది. లాక్టులోజ్ సిరప్ పట్టించి, విరేచనాలు ఎత్తిపోసి, మళ్లీ మనిషిని మనుషుల్లోకి తెస్తాం. ఉప్పులేని కూర వండి నేనూ అదే తింటున్నాను. ఎదురుగా కూర్చుని కారంకారంగా తినడానికి మనసొప్పదు.

మొన్న చెకప్‌లో డాక్టరమ్మ రిపోర్టులు చూసి, “మీరు చెప్పేదంతా నిజమేనని తెలుస్తోంది. అప్పుడే ఇలా చెప్పి ఉంటే...” అని ఆగిపోయింది. బస్సులో ఆయన నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. నాకు చచ్చేంత కోపం వచ్చింది. పెళ్లైన నాటి నుంచి నేను ఎదురుచూసిన మనిషి ఇప్పుడొచ్చాడు. ఉండడానికి రాలేదు. ఇదేం న్యాయం? ఎవరిని అడగాలో కూడా తెలియదు. కిటికీ వైపు తిరిగి మెదక్ వచ్చేదాకా ఏడ్చాను.

నాలాంటి ఇళ్లు చాలా ఉంటాయని తెలుసు కాబట్టి ఒక్క మాట చెబుతాను. మీ ఇంట్లో రోజూ తాగే మనిషి మాల వేసుకుంటానంటే వద్దనకండి. మాల కంటే ముందు డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి. ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది, ఆ వణుకు రాకుండా ఆపే మందులున్నాయి. ఎంత తాగుతాడో ఆయన నోటితోనే చెప్పనివ్వండి, మీరు పక్కన కూర్చోండి. అబద్ధం చెబితే అక్కడే, డాక్టర్ ముందే, అడ్డుపడండి. చుట్టాలు ఇజ్జత్ గురించి మాట్లాడితే మాట్లాడనివ్వండి.

ఇది రాస్తుంటే మంచం మీద నుంచి “ఏం రాస్తున్నవు?” అని అడిగాడు. చదివి వినిపించాను. అంతా విన్నాక, “అన్నిట్ల మా ఆయన, మా ఆయన అని రాసినవు. పేరేది?” అన్నాడు.

“నీకు చిన్నతనమైతదని రాయలే,” అన్నాను.

“రాయి. ఇంక దాచేదేముంది?” అన్నాడు.

ఆయన పేరు యాదగిరి.